రెండువైపులా బొమ్మే

ఫిల్మ్ నగర్‌లోని ఆ ఫ్లాట్ బాల్కనీలోకి ఎండ అప్పుడప్పుడే వస్తోంది. పెళ్ళయి రెండో నెల నడుస్తున్న మనోజకి ఆ ఇంట్లో అన్నీ ముద్దొస్తున్నాయి. డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగే చప్పుడు, షూటింగుకి ఆలస్యమైపోతోందంటూ రెండో సాక్సు కోసం ఇల్లంతా తిరిగే భర్త సిద్ధార్థ, అదెక్కడుందో తెలిసీ నవ్వుతూ చెప్పని అతని అక్క ఉదయశ్రీ.

మనోజ హాల్లో నేలమీద పేపరు పరిచి పాత నాణేలు కుమ్మరించింది. సజ్జ మీద మామగారి పనిముట్ల పెట్టెలో దొరికాయవి. సుబ్రహ్మణ్యంగారు రిటైరయ్యేదాకా సినిమా సెట్లకి కావలసిన వస్తువులు చేసిచ్చిన మనిషి.

"వీటినేం చేస్తావు మనోజా, పోపు పెడతావా?" కాఫీ గ్లాసుతో పక్కన చతికిలబడింది ఉదయశ్రీ.

"నవ్వకు వదినా, చిన్నప్పటి సంది నాకిదే పిచ్చి. జర చూడు. దీని బొమ్మ పక్కకు జరిగి పడ్డది. టంకశాలల జరిగిన తప్పు. దీనికి విలువుంటది. గిది మాత్రం రైలు పట్టాల మీద పెట్టి సాగగొట్టిన్రు. మా బోరబండల పోరగాళ్ళందరం చేసిన పనే. గిది ఉత్త పాడైన బిళ్ళ."

"రెండూ వంకరగానే ఉన్నాయి. తేడా ఎలా తెలుస్తుంది?"

"దెబ్బ తగిలితే లోహం నలిగి పక్కకు తోసుకపోతది. అచ్చుల తప్పు గట్లుండదు, పుట్టుకతోనే అంత అన్నట్టుంటది."

అంటూనే మనోజ ఒక పాత పెద్ద రూపాయి తీసింది. తిప్పింది. మళ్ళీ తిప్పి కెవ్వుమంది. "వదినా! రెండు దిక్కులా సింహాలే!"

సిద్ధార్థ ఒంటి సాక్సుతో పరిగెత్తుకొచ్చాడు. మనోజ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. అంచు లోపల వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి ఉంది. నేలమీద వేస్తే మామూలు రూపాయి ఖంగుమంది, ఇది టప్పుమంది.

"ఛ! రెండు బిళ్ళలు కోసి ఒకదాంట్ల ఒకటి ఇరికించిన్రు. ఎవలో మంచి పనోడే!"

"నాన్న పనే," నవ్వాడు సిద్ధార్థ. "సినిమాలో హీరో ఎగరేస్తే ప్రతి టేకులోనూ బొమ్మే పడాలిగా మరి!"

ఉదయశ్రీ నవ్వలేదు. ఆ రూపాయి చేతిలోకి తీసుకుంది. అంచున ఆకుపచ్చ రంగు చుక్క ఉంది. ఆ చుక్క ఆమెకు గుర్తుంది.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకే ఏడు చెన్నైలో కెమెరా కోర్సులో సీటొచ్చింది. పంపగలిగింది ఒక్కరినే. నాన్న ఈ హాల్లోనే రూపాయి ఎగరేశాడు. తమ్ముడు కోరుకున్న బొమ్మే పడింది. ఆ రూపాయి దాచుకుంటానని తను అడిగితే ఇవ్వకుండా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు తమ్ముడు కెమెరామన్. ఆమె కెమెరాలు అద్దెకిచ్చే ఆఫీసులో పని చేస్తోంది. రోజూ ఉదయం లెన్సులు తుడిచి, ఎవరివో చేతుల్లో పెట్టి పంపిస్తుంది.

తలుపు తీసుకుని కొత్తిమీర కట్టతో సుబ్రహ్మణ్యంగారు లోపలికొచ్చారు. కూతురి చేతిలో ఉన్నది చూశారు. కట్ట జారిపోయింది.

"ఇదేనా నాన్నా, ఆ రోజు ఎగరేసింది?"

ఆయన తల దించుకున్నారు. "అమ్మ పోయిన ఏడది ఉదయా. నువ్వూ వెళ్ళిపోతే ఈ ఇంట్లో... నీకు కాదని నా నోటితో చెప్పలేకపోయాను తల్లీ. దాంతో చెప్పించాను."

"చెప్పుంటే ఉండిపోయేదాన్ని. ఏడ్చేదాన్ని, కానీ నీ కోసమే ఉన్నానని తెలిసి ఉండేదాన్ని. నా రాతే ఇంతని ఇన్నాళ్ళూ సర్దుకున్నాను."

"నాకు తెలీదక్కా..." సిద్ధార్థ అక్క పక్కకొచ్చాడు.

"నీకెలా తెలుస్తుందిరా, నువ్వు బొమ్మ అన్నావంతే." ఆమె తండ్రినే చూస్తోంది. "కానీ నాన్నా, నేను ముందుగా బొమ్మ కోరుకుని ఉంటే నీ ఎత్తు పారేది కాదుగా?"

ఆయన వంగి కొత్తిమీర తీయబోయారు.

"తమ్ముణ్ణే ముందు కోరుకోమంటానని నీకు తెలుసు. వాడు ఎప్పుడూ బొమ్మే అంటాడనీ తెలుసు. నా మంచితనం మీదే లెక్క వేశావు కదూ?"

సుబ్రహ్మణ్యంగారు గోడకానుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. పెద్దాయన ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియక మనోజ తన నాణేల వైపు చూసింది. ఎంత సంబరంగా గోలచేసింది తను! నోరు మూసుకుని పెట్టెలో వేసేస్తే పోయేది. "దాన్నిటియ్యి వదినా, పారేసొస్త," అంది సన్నగా.

"వద్దు." ఉదయశ్రీ వెళ్ళి తండ్రి ఎదురుగా నేలమీద కూర్చుంది. రూపాయి ఆయన చేతిలో పెట్టి, తన అరచెయ్యి చాపింది. "ఆ రోజు అడిగితే ఇవ్వలేదు. ఇప్పుడివ్వు."

ఆయన దాన్ని ఆమె చేతిలో ఉంచారు. ఉదయశ్రీ గుప్పిట మూసింది. రూపాయితో పాటు ఆయన వేళ్ళూ లోపలే ఉండిపోయాయి. కళ్ళ నీళ్ళు ఆ గుప్పిట మీద పడుతున్నా, ఆమె వదల్లేదు.