నూకరత్నం పదో వాక్యం

బల్లమీది పరీక్షాయంత్రం శ్రవణి ఆకుపచ్చగా వెలిగాక పరీక్షకుడు వీరనారాయణ తరువాతి అభ్యర్థిని లోపలికి పిలిచాడు. పొద్దుటినుంచి పదకొండు మంది అయ్యారు. ఈరోజు అందరికీ ఒకటే ఇంగ్లిషు క్రియ, హ్యావ్. నిన్న గెట్. రేపు పుట్.

నలభై ఏళ్ల మనిషి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. "గరికిన నూకరత్నమండి. ఇది మూడోసారి."

మూడోసారి కూడా తప్పితే ఇక పరీక్షకు రానివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సముద్రం అడుగున ఉప్పునీటిని తాగేనీరుగా మార్చే జలధామంలో యంత్రాలు ఇంగ్లిషు మాటకు తప్ప కదలవు. వాటిని చేసినవాళ్లు మరో భాష నేర్పలేదు. పనికి కిందికి దిగాలంటే ఇంగ్లిషు తప్పులేకుండా మాట్లాడగలరని ఇచ్చే నోటిపట్టా ఉండాలి. రెండేళ్ల కిందట ఒక కార్మికుడు "ఐ హ్యావ్ టు క్లోజ్ ద వాల్వ్" అనబోయి మధ్యలో "టు" మింగేశాడు. మూయాలి అన్నది మూసేశాను అన్నట్టు వినబడింది. యంత్రం నీళ్లు వదిలింది. గొట్టంలో ఉన్న ఇద్దరినీ మూడో రోజున బయటికి తీశారు. ఆ విచారణ నివేదిక రాసింది వీరనారాయణే. అప్పటినుంచి అతను ఎవరికీ ఒక్క వాక్యం కూడా ఊరికే వదిలిపెట్టలేదు.

"పది వాక్యాలమ్మా. రోజూ మాట్లాడుకునేవే. తొమ్మిది ఒప్పవ్వాలి. నిజమే చెప్పాలి. శ్రవణి జనపట్టికతో సరిచూస్తుంది."

నూకరత్నం గొంతు సవరించుకుంది. "ఐ హ్యావ్ ఎ హెడేక్."

ఆకుపచ్చ.

"వియ్ హ్యావ్ టు స్టాండ్ ఇన్ ద వాటర్ లైన్. మై సన్ హ్యాజ్ కర్లీ హెయిర్."

ఆకుపచ్చ, ఆకుపచ్చ. ఆరో వాక్యం దగ్గర "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే" అంది. ఎరుపు. నిన్న అన్నాక హ్యావ్ రాదు. తొందరలో సగం మంది అక్కడే పడతారు. ఆమె నాలుక కరుచుకుని, మిగతావి తప్పులేకుండా చెప్పుకుంటూ వచ్చింది. పదోది మాత్రం నెమ్మదిగా చెప్పింది.

"ఐ హ్యావ్ టూ చిల్డ్రన్."

ఎరుపు.

"నిర్మాణం ఒప్పు, వాస్తవం తప్పు," అంది శ్రవణి. "సజీవ సంతానం ఒకటి. సరైన రూపం: ఐ హ్యావ్ వన్ చైల్డ్. వాస్తవం తప్పితే ఒకసారి సవరించవచ్చు."

వీరనారాయణ ఇలాంటివి చాలా చూశాడు. మామూలుగా చెప్పే మాటే చెప్పాడు. "ఒక్కరు అనండమ్మా. లేదంటే రెండోవారికి హ్యాడ్ వాడండి. పట్టా వచ్చేస్తుంది."

"ఇద్దరు బాబూ."

"పట్టికలో ఒక్కరే ఉన్నారు."

"కూతురు పోయి నాలుగేళ్లయిందండి. పచ్చకామెర్లు. అది లేదని నాకు తెల్దా? పిల్లలెంతమందని అడిగితే ఇద్దరంటాను. ఒక్కడే అంటే దాన్నెక్కడ ఒగ్గీమంటారు?"

అతను ఆ మాటను తెలుగులో అనుకుని చూశాడు. నాకు ఇద్దరు పిల్లలు. ఆ వాక్యంలో క్రియే లేదు. ఉన్నారో, ఉండేవారో చెప్పమని తెలుగు ఆమెను ఎన్నడూ నిలదీయలేదు. పరీక్షగదిలో ఇంగ్లిషు నిలదీస్తోంది.

గొట్టంలోంచి తీసిన ఇద్దరూ గుర్తొచ్చారు. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వాల్వు మూయడానికి వెళ్తున్నారు. ఏమంటారు?"

"ఐ హ్యావ్ టు క్లోజ్ ద వాల్వ్."

"మూసేశారు."

"ఐ హ్యావ్ క్లోజ్డ్ ద వాల్వ్."

"బిగుసుకుపోయింది. చేతకాలేదు."

"ఐ హ్యావ్ నాట్ క్లోజ్డ్ ఇట్. డోంట్ ఓపెన్ ద వాటర్." ఆమె ఎక్కడా తడబడలేదు. "అక్కడ పొరపాటు మాటాడితే మనుషులు పోతారు బాబూ. అది నేనెరుగుదును."

వీరనారాయణ గుర్తింపుకోసం తన వేలు బల్లమీద ఆనించి, పదో వాక్యం పక్కన ఒప్పు పెట్టాడు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో శ్రవణి తీర్పును కాదనడం అదే మొదలు.

"కారణం?" అడిగింది శ్రవణి.

"అభ్యర్థి చెప్పింది తన పిల్లల సంఖ్య, సజీవుల సంఖ్య కాదు. వాక్యం నిజం," అని టైపు చేశాడు.

"ఈ తీర్పు పాతవాటికి వర్తిస్తుందా? పోయినవారిని ఉన్నట్టు చెప్పారని ఇలాగే తప్పుపడిన వాక్యాలు వెయ్యిన్ని నూట నలభై ఆరు. అందువల్ల పట్టా రానివారు రెండువందల పంతొమ్మిది మంది."

అతని చేయి ఆగిపోయింది. అందులో అరవై మంది దాకా ఈ గదిలోకే వచ్చినవాళ్లు. ఐ హ్యావ్ ఎ వైఫ్ అన్న ముసలాయనకు, హ్యాడ్ అనాలండీ అని తనే సర్దిచెప్పాడు. ఆయన దండం పెట్టి, అనకుండానే వెళ్లిపోయాడు.

వర్తిస్తుంది అని నొక్కాడు.

శ్రవణి పాత తీర్పులు తిరగదోడుతూ పసుపుపచ్చగా మారింది. మిగతా పరీక్షాకేంద్రాలు కలిపి ఏడింటిలోనూ అంతే అయ్యుంటుంది. అర నిమిషంలో ప్రధాన పరీక్షాధికారి ఫోను చేసింది.

"పరీక్షలన్నీ ఆగిపోయాయి వీరనారాయణగారూ. ఏం చేశారు?"

"ఒక వాక్యానికి ఒప్పు పెట్టానండి."

"వెనక్కి తీసుకోండి. లేకపోతే సాయంత్రానికి మీ సీటు ఉండదు."

"తీసుకోనండి," అని ఫోను పెట్టేశాడు.

"నావల్ల మీకేటైనా అయిందా బాబూ?" అంది నూకరత్నం.

"మీకు పట్టా వచ్చిందమ్మా."

శ్రవణి మళ్లీ మాట్లాడింది. "పట్టిక సవరించబడింది. సంతానం: రెండు. రెండవవారి పేరు లేదు."

వీరనారాయణ ఆమెవైపు చూశాడు. "మీ అమ్మాయి పేరు అడుగుతోంది."

నూకరత్నం కుర్చీలో నిటారుగా సర్దుకుని, యంత్రం దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా వినబడేలా చెప్పింది.

"పోలేశ్వరి."