ముందు వేసిన చీట్లు

2019 జూలై 16, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పడమటి గాలి, సన్నని ముసురు. అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే ఫెబా గదిలోకి, తడిసిన నల్లకోటుతో లాయర్ రూఫస్ వచ్చాడు. చేతిలో ఉన్నది అతని మొదటి కేసు.

చెరకు తూకం తగాదాలు తీర్చడానికి ఒక రైతుల సంఘం, సభ్యుల పేర్లు రాసిన చీట్లు తీసి, పన్నెండుమందితో జ్యూరీ వేసింది. సభ్యుల్లో నూటికి నలభైమంది ఆడవాళ్లు. జ్యూరీలో ఒక్కరూ లేరు. తన తూకం ఫిర్యాదు ఆ జ్యూరీ ముందుకే రావాల్సిన కె. కోటపాడు రైతు కాసులమ్మ, ఆ ఎంపిక చెల్లదని రూఫస్‌ను పెట్టుకుని కోర్టుకెక్కింది.

“అలా పడ్డం అసాధ్యమని ఒక్క ముక్క చెప్పండి మేడం, చాలు.”

“అసాధ్యం కాదండి. వెయ్యిసార్లు తీస్తే రెండుసార్లు అలాగే పడొచ్చు.”

“ఆ రెండూ మనకెందుకండి?”

“ఉన్నాయి కాబట్టి.”

రూఫస్‌కు కోపం వచ్చింది. వచ్చింది కనుకనే లెక్కలో తప్పు పట్టాలని మర్నాడూ వెళ్లాడు. తప్పు దొరకలేదు. మార్కెట్టులో ఒక్క బెల్లం దిమ్మ గిల్లి చూసి మొత్తం సరుక్కి ధర కట్టడం, రకాలన్నీ బాగా కలిసినప్పుడే న్యాయమని ఆమె ఓపికగా చెప్పింది. మూడో వారానికి అతనికి లెక్క అర్థమైంది. అర్థం కానట్టు నటిస్తున్నాడని ఆమెకూ అర్థమైంది. అయినా రోజూ ఇద్దరికీ టీ తెప్పించింది.

విచారణనాడు సంఘం లాయర్ త్రినాధరావు, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఫెబాను ఒకటే అడిగాడు: ఇది కేవలం యాదృచ్ఛికంగా జరగొచ్చునా అని. ఓడితే కాసులమ్మ ఫిర్యాదు ఆ పన్నెండుమంది చేతిలోనే పడుతుంది.

“జరగొచ్చండి,” అంది ఫెబా. “చాలా అరుదు. అంత అరుదైనది జరిగిందంటే, చీట్లు కలిపారా లేదా అని ముందు అడగాలి.”

జడ్జి సంఘం గుమస్తా సత్తియ్యను పిలిపించి అదే అడిగారు.

“ఆడోళ్లకి మర్యాదివ్వాలని ఆళ్ల చీట్లే ముందు కుండలో ఏసేనండి. ఆపైన మగోళ్లవి. పైనుంచి పన్నెండు తీసేను. కలపడం ఏటండి?”

మర్యాద కుండ అడుగున ఉండిపోయింది. ఎంపిక రద్దయింది.

వరండాలో వాన జల్లు కొడుతోంది. అసాధ్యమని ఆమె అని ఉంటే త్రినాధరావు అక్కడే పట్టుకునేవాడని, తన కేసును నిలిపింది ఆమె ఒప్పుకున్న వెయ్యిలో ఆ రెండేనని రూఫస్‌కు తెలిసింది.

“ఇంక లెక్క అడగడానికి వీల్లేదండి. ఊరికే రావచ్చా?”

ఫెబా చూపు వాన మీదే ఉంది. “ఊరికే వద్దు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రండి. నాన్నగారుంటారు.”

ఆమె తండ్రి జ్ఞానప్రకాశం మాస్టారు గంటసేపు ప్రశ్నలు వేసి, చివరికి అతని తలమీద చెయ్యి పెట్టారు.

జనవరిలో పెళ్లయింది. తరువాతి అయిదేళ్లలో రూఫస్ ఇలాంటి కేసులు మరో నాలుగు వాదించాడు. భార్య సాక్ష్యాన్ని కోర్టు అనుమానంగా చూస్తుంది గనుక, ఫెబా ఒక్కదానిలోనూ సాక్ష్యం చెప్పలేదు.