కారు పాడవ్వాల్సిన రోజు

“మళ్ళీ మీరేనా?” అంది సీతారత్నం, గేటు తీయకుండానే.

“మళ్ళీ మీ కారేనండీ,” అన్నాడు పోలిరాజు వానలో తడుస్తూ. “క్యా కరూఁ, ఏటి చెయ్యను? మీ నాన్నగారు కబురెట్టినారు, వచ్చినాను.”

తీయక తప్పక గేటు తీసింది.

ఆ కారు డిగ్నాబాద్ పేటలో సీతారత్నం తండ్రి చెన్నకేశవులు గారికి ఓ పరువు. హార్బరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఓ ఆఫీసరు దగ్గర ముచ్చటపడి కొన్నారు. కొన్నారే గానీ, చుట్టూ సముద్రమున్న ఆ దీవిలో తోలుకెళ్ళడానికి ఊరెక్కడుంది? ఓడ వచ్చిన రోజు హాడో జెట్టీకి, పండగకి బజారుకి. మిగతా రోజులన్నీ కారు షెడ్డులో దుప్పటి కప్పుకొని పడుకునేది. అవసరమై లేపితే లేచేది కాదు. బ్యాటరీ డౌన్!

అప్పుడు హాడో నుంచి మెకానిక్కు పోలిరాజు వచ్చేవాడు. మొదటిసారి బ్యాటరీ కొనల మీద పచ్చగా పట్టిన చిలుము గీకి, ఉప్పుగాలి అన్నాడు. రెండోసారి డైనమో బెల్టు వదులైందన్నాడు. మూడోసారి ఎలుక వైరు కొరికిందన్నాడు. చేసిన రోజు కారు బ్రహ్మాండంగా ఉండేది. కొన్నాళ్ళకి మళ్ళీ మామూలే.

సీతారత్నం స్కూల్లో టీచరు. పిల్లల కళ్ళు చూసి అబద్ధం పట్టేస్తుంది. అలాంటి మనిషికి ఈయనగారి మీద అనుమానం రాకుండా ఉంటుందా?

“అత్తా, వీడే బాగుచేస్తున్నాడు, వీడే పాడుచేస్తున్నాడు,” అంది వంటింట్లోకి వచ్చి.

మేనత్త అచ్చమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది. “ఎందుకే?”

“ఎందుకేమిటి, మళ్ళీ మళ్ళీ రావడానికి!”

“నీ చేతి టీ తాగి కూడా మళ్ళీ వస్తున్నాడంటే ఆలోచించాల్సిందే,” అంది అచ్చమ్మ.

ఈసారి వ్యవహారం ఇదివరకటిలా చిన్నది కాదు. వచ్చేవారం విశాఖపట్నం నుంచి ఓడలో పెళ్ళివారు వస్తున్నారు. సంబంధం కుదిరితే సీతారత్నం పుట్టి పెరిగిన దీవి వదిలి వెళ్ళిపోవాలి. వాళ్ళను జెట్టీ నుంచి సొంత కారులోనే తీసుకురావాలని తండ్రి పట్టుదల. నీకిష్టమేనా అని ఆమెను ఎవరూ అడగలేదు. కారు సంగతి చూసే పని మాత్రం ఆమె నెత్తినే పడింది.

షెడ్డులో పోలిరాజు తాళంచెవి తీసి చూపించాడు. “చూడండి, అన్నీ ఆపేసినాను.” బ్యాటరీకున్న వైరొకటి ఊడదీసి, ఆ రెంటి మధ్య చిన్న బల్బు తగిలించాడు. బల్బు మినుకుమంటూ వెలిగింది. “చూసినారా టీచరుగారూ? బండి నిద్దరోతున్నా ఎక్కడో కరెంటు తాగేస్తంది.”

“ఎక్కడ?”

“అదే కదా ఎతకాల.”

వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తి లోపలికి వంగాడు. బల్బు ఠక్కున ఆరిపోయింది. సీతారత్నం రెప్పవేయకుండా చూస్తోంది. కాసేపటికి బల్బు మళ్ళీ వెలిగింది. డిక్కీ మూత పడింది.

“ఏం చేశారు?”

“ఏటీ లేదండి.”

“బల్బు ఆరి వెలిగింది.”

“లూజు కాంటాక్టు అయ్యుంటాది,” అన్నాడు. అంటున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

ఇదిగో, దొరికాడు! “చూడండి భయ్యా...”

“ఊరంతా నన్ను భయ్యా అనే అంటారు. మీరు మాత్రం అనకండి.”

“ఎందుకూ?”

“ఊరికే.” బ్యాటరీ ఛార్జింగుకు తీసుకెళ్ళడానికి విప్పుతూ అడిగాడు, “ఓడ వచ్చే శుక్రవారమేనా?”

“ఆ.”

“అబ్బాయి ఏటి చేస్తాడు?”

“అది కూడా బ్యాటరీకి కావాలా?”

పోలిరాజు తల వంచి నట్టు విప్పసాగాడు. వాన రేకుల మీద దడదడా కురుస్తూనే ఉంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకున్నా తుడుచుకోవాలన్న ధ్యాస లేదు ఆ మనిషికి. చూడకూడదనుకుంటూనే సీతారత్నం చూసింది.

మర్నాడు ఛార్జయిన బ్యాటరీ తెచ్చి బిగించి వెళ్ళాడు. అతను గేటు దాటగానే ఆమె కారు ముందు మూతకు అడ్డంగా తెల్లదారం అంటించింది. మూత ఎత్తితే దారం తెగాలి. దొంగ దొరకాలి.

రోజూ పొద్దున్నే వెళ్ళి చూసింది. దారం తెగలేదు. గురువారం పొద్దున చెన్నకేశవులు గారు ముందుజాగ్రత్తకని తాళం తిప్పితే కారు మాత్రం కిక్కురుమనలేదు.

అంటే ఎవరూ బ్యాటరీని ముట్టుకోలేదన్నమాట. అనుమానం తీరిపోవాలి కదా? తీరకపోగా ఇంకోటి తోడైంది. “నాన్నా, పోలిరాజుకి కబురు పంపుతాను,” అన్నప్పుడు తన గొంతులో పలికిన సంబరం విని, సీతారత్నానికి తన మీద తనకే అనుమానం వచ్చింది.

అతను వచ్చాడు. ఆ రోజు ఒక్క వేళాకోళం లేదు. వంచిన తల ఎత్తకుండా పని చేశాడు, వేరే బ్యాటరీ తెచ్చి బిగించాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

“రేప్పొద్దున నేనే వచ్చి తోలతాను. బండి స్టార్టవుద్ది. గ్యారంటీ.”

“మీ గ్యారంటీలు చాలా చూశాను.”

“ఇది సూడండి,” అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పట్టుచీర కట్టుకొని కూర్చున్న సీతారత్నానికి మాత్రం గట్టి నమ్మకం. కారు కదలదు. ఏదో ఒకటి చేసే ఉంటాడు. అన్నిసార్లు చేసినవాడు ఈరోజు చెయ్యకుండా ఉంటాడా? లోపల చెన్నకేశవులు గారు తల దువ్వుకుంటున్నారు. ఆమె షెడ్డు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

పోలిరాజు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

సీతారత్నం కారుకు అడ్డం వచ్చింది. “ఎందుకు స్టార్టయింది?” అని అరిచింది.

పోలిరాజు బిత్తరపోయాడు. “బాగుచేసినాను కదండీ!”

“ఇవాళే ఎందుకు బాగుచేశారు?”

అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకొని చెప్పాడు. “మొదటి మూడూ నిజం జబ్బులే. సచ్ చెప్తున్నాను. నాలుగోదే అబద్ధం. డిక్కీలో లైటుంది. తుప్పుపట్టి స్విచ్చి ఇరుక్కుపోయింది. మూతేసినా లోపల వెలుగుతానే ఉంది. ఆ వానరోజే తెలిసిపోయింది. ఆ లైటు తీసి, మళ్ళీ పెట్టేసినాను.”

“పెట్టేశారా! ఎందుకు?”

“తీసేస్తే మరి మీ ఇంటికొచ్చే పనేటుంటాది నాకు?”

ఎంత ధైర్యం! తన అనుమానమే నిజమైంది. ఒళ్ళు మండాలి. మండలేదు సరికదా, ఏడుపొచ్చేంత సంతోషమేసింది. “మరి నిన్న తీసేశారెందుకు?”

“పెళ్ళోరి ముందు మీ నాన్నగారు తలదించుకోకూడదు. మీకు నచ్చిన సంబంధం అనుకున్నాను.”

“నన్ను అడిగారా?”

“అడగడానికి నేనెవర్నండి?”

“అన్ని రోజులూ పాడుచేసి, పాడవ్వాల్సిన రోజున బాగుచేస్తారా? నేను ఆ ఓడెక్కి వెళ్ళిపోతే మీకు ఫరవాలేదా? నాకు ఫరవాలేదనుకున్నారా?” కళ్ళనీళ్ళు ఆగలేదు. “నాకిష్టం మీరు. బస్, అంతే.”

ఎవరో దగ్గారు. ఇస్త్రీ చొక్కాలో చెన్నకేశవులు గారు. ఆయన వెనక అచ్చమ్మ. ఎంతసేపటి నుంచి ఉన్నారో!

పోలిరాజు దిగబోయాడు. “కూర్చో,” అన్నారాయన. కూతురి వైపు తిరిగారు. “నాతో ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“నాకే ఇప్పుడు తెలిసింది నాన్నా.”

“నాకు ఎప్పుడో తెలుసు,” అంది అచ్చమ్మ.

హాడో వైపు నుంచి ఓడ కూత వినిపించింది. సీతారత్నం కళ్ళు తుడుచుకుంది. “నాన్నా, మీ పరువు...”

“మనసులో ఒకరుండగా నిన్ను ఇంకొకరికి చూపిస్తే పోతుంది పరువు.” ఆయన చొక్కా సర్దుకున్నారు. “సముద్రం దాటి వస్తున్నారు, వాళ్ళు మన అతిథులు. జెట్టీలోనే చేతులు పట్టుకొని నిజం చెప్పేస్తాను. తిట్టినా పడతాను. భోజనం మాత్రం మనింట్లోనే. అక్కా, వంట కానీ.”

కారెక్కి పోలిరాజు పక్కన కూర్చున్నారు.

“ఏమోయ్, ఇకమీదట మా ఇంటికి రావడానికి నా కారు పాడవ్వక్కర్లేదు. ఆదివారం మీ నాన్నను వెంటబెట్టుకొని రా.”

ఆ కంగారులో పోలిరాజు కాలు క్లచ్ మీద నుంచి జారింది. కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

“అయ్యో, ఇది మాత్రం కావాలని చెయ్యలేదండీ!” అన్నాడు, కిటికీలోంచి తల బయటపెట్టి.

సీతారత్నం అతని మాట నమ్మడం అదే మొదటిసారి.