4417: రికార్డు కనబడుట లేదు

ఉదయం పదిన్నరకు ఓడరేవు మెట్ల మీద కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ కుప్పకూలాడు. మెడలో విషపు సూది. పిడికిట్లో నలిగిన కాగితం: "4417 ఆపండి."

పావుగంట తిరక్కుండా సీక్రెట్ ఏజెంట్ తన చీఫ్ ఎదుట ఉన్నాడు.

"4417 ఒక కంటైనర్. నిండా విషవాయువు సిలిండర్లు. విదేశీ ముఠా సరుకు. పన్నెండింటికి ఓడెక్కుతుంది. దాన్ని ఆపమని ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే కంప్యూటర్లో హోల్డ్ పెట్టాడు. హోల్డ్ ఉంటే క్రేన్ దానంతటదే ఆగిపోతుంది. ఇప్పుడా రికార్డే లేదు. తెరిస్తే 'డిలీట్ అయింది' అని ఎర్రర్."

"యార్డులో వెతికితే?"

"ఆరువేల పెట్టెలయ్యా! పైన నంబర్లు మార్చేశారు. ఏది ఎక్కడుందో ఆ సాఫ్ట్‌వేర్‌కే తెలుసు. పోలీసులు కనబడితే రిమోట్‌తో అక్కడే పేల్చేస్తారు. నువ్వు సాఫ్ట్‌వేర్ బాగుచేసేవాడిగా వెళ్ళు. అక్కడి డేటా ఆఫీసర్ మన మనిషి. 'ప్రింటర్లో కాగితం ఉందా?' అని అడుగు. 'తడిసిపోయింది' అనాలి."

పదకొండూ నలభైకి సర్వర్ గదిలో ఐటీ మేనేజర్ గుడ్లురిమాడు.

"ఇంకొకడా! ఇప్పటికే ఇద్దరొచ్చి చేతులెత్తేశారు. ఏదైనా చెడగొట్టావో, ఊరుకోను."

ఏజెంట్ సంచిలోంచి సొంత మౌస్ తీసి తగిలించాడు. పక్కన ఎర్ర పట్టు స్కార్ఫ్, ఘాటైన సెంటు. డేటా ఆఫీసర్.

"ప్రింటర్లో కాగితం ఉందా మేడమ్?"

"తడిసిపోయింది." ఆమె నవ్వింది. "నిన్నటి బ్యాకప్ ఎక్కించండి. అయిదు నిమిషాల పని."

అతని వేళ్ళు ఆగాయి. నిన్నటి బ్యాకప్‌లో 4417 ఉంటుంది. ఈ రోజు పెట్టిన హోల్డ్ ఉండదు. రికార్డు చెరిపిందెవరో చెప్పే లాగ్ కూడా ఉండదు.

"ముందు డిలీటెడ్ లిస్టు చూస్తాను."

"టైము లేదు!"

"ఎవరికి?"

ఆ సాఫ్ట్‌వేర్‌లో డిలీట్ చేసింది నిజంగా పోదు. కంటికి కనబడకుండా దాక్కుంటుంది, అంతే. అతను ఫిల్టర్ మార్చాడు. బూడిదరంగు అక్షరాల్లో 4417 తేలింది. డిలీట్ చేసిన సమయం 9:52. చేసింది డేటా ఆఫీసర్.

అతని మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"ఇన్‌స్పెక్టర్ కూడా ఇంతవరకూ వచ్చాడు," అందామె. "మౌస్ వదులు."

"అసలు ఎవరి మనిషివి?"

"ఎవరు గెలిస్తే వాళ్ళ మనిషిని."

మౌస్‌ను ఆమెవైపు తిప్పి కుడి బటన్ నొక్కాడు. మత్తుసూది ఆమె మణికట్టులో దిగింది. పిస్టల్ జారింది. ఆమె కుర్చీలో వాలిపోయింది. 

11:57. రిస్టోర్ నొక్కాడు.

తెరమీద ఎర్రర్: "సంబంధిత రికార్డు లేదు."

"ఛ! ఇంకా ఏం మింగేసింది?"

మేనేజర్ తెరమీదకి వంగాడు. "సరుకు పంపిన కంపెనీ రికార్డు కూడా పీకేసింది! ముందు దాన్ని లేపవయ్యా, అప్పుడే పెట్టె లేస్తుంది!"

కంపెనీ లేచింది. 4417 లేచింది. దానితోపాటు హోల్డ్ ఎర్రగా వెలిగింది.

కిటికీ అవతల, ఓడ అంచు మీదికి వచ్చేసిన నీలం కంటైనర్ ఒక్క కుదుపుతో గాలిలో ఆగింది. 11:59. చీఫ్ ముందే కూలీల వేషంలో పంపిన కమాండోలు క్రేన్ దగ్గర రిమోట్ పట్టుకున్నవాడి చెయ్యి వెనక్కి విరిచారు.

మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. "ఈవిడ యూజర్ ఐడీ ఇప్పుడే డిలీట్ చేసి పారేస్తాను."

"వద్దు మహానుభావా!" ఏజెంట్ సంచి సర్దుకున్నాడు. "ఇనాక్టివ్ చెయ్యండి చాలు. డిలీట్ చేస్తే దానికి ముడిపడ్డ రికార్డులన్నీ మొరాయిస్తాయి, మళ్ళీ నన్నే పిలుస్తారు."