వంశధార నీళ్లు తాగినవాడు

కొన్ని శతాబ్దాలు బంగాళాఖాతం అడుగు బురదలో పడి ఉన్న పన్ను ఒకటి, యంత్రం లోపలి గాజు గదిలో నెమ్మదిగా తిరుగుతోంది. పరిశోధన నౌకలో మైలపల్లి నీలవేణి స్క్రీన్ వైపు చూస్తోంది. పక్కన న్వే నిలబడి ఉంది. సముద్రానికి అవతలి ఒడ్డున, ఇరావతి నది వైపు ఉండే జాలర్లు తమ తరఫున పంపిన పెద్దావిడ ఆమె.

ఆ యంత్రం పని తేలిగ్గానే అర్థమవుతుంది. చిన్నప్పుడు తాగిన నీళ్లలోని ఖనిజాలు పంట్లో చేరి, మనిషి పోయినా చెరగవు. ఏ నది ఖనిజాలు ఆ నదివే. కాబట్టి పన్ను చదివితే ఆ మనిషి ఏ నది ఒడ్డున పెరిగాడో తెలుస్తుంది. నీలవేణి దానికి DNA రీడర్ కూడా జతచేసింది. రెండు ఒడ్డుల జాలర్లిచ్చిన నమూనాలతో పోల్చి, ఈనాడు బతికున్న బంధువులెవరో అది చెబుతుంది.

సముద్రం మధ్యలో, చేపలు విస్తారంగా దొరికే చోట, రెండు పాత ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుని మునిగి ఉన్నాయి. ఒకటి సరుకుల ఓడ, రెండోది దాన్ని దోచుకోవడానికి వచ్చిన ఓడ. ఆ చేపల కోసం రెండు ఒడ్డుల జాలర్లూ ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు. మొన్న వేసవిలో నీలవేణి అన్న పోలయ్య వలల్ని అవతలి ఒడ్డు జాలరి కో తున్ నిలువునా కోసేశాడు. సరుకుల ఓడ ఎవరిదని తేలితే చేపల హక్కు వాళ్లదేనని ఆ తగువు విచారిస్తున్న ట్రిబ్యునల్ చెప్పింది. "వర్తకులం మేం, దొంగలు మీరు" అని రెండు ఒడ్డులదీ ఒకటే పట్టు.

స్క్రీన్ మీద పేరు వెలిగింది: వంశధార. నీలవేణి ఊరి నది.

"ఇది ఎవరి పన్ను?" అడిగింది న్వే. చెవిలోని అనువాద పరికరం ఆ మాటను తెలుగులో వినిపించింది.

శాంపిల్ పాడైందని చెప్పి నీలవేణి తప్పించుకోవచ్చు. వలలు పోయిన రోజు అన్న ముఖం కళ్ల ముందు మెదిలింది.

"దోపిడీ ఓడ నాయకుడిది, అతని గదిలోనే దొరికింది," అంది చివరికి.

న్వే ఎగిరి గంతేస్తుందనుకుంది. ఆవిడ మాత్రం, "మిగతావీ చూడమ్మా," అంది.

చూశారు. అదే ఓడలో ఇరావతి నీళ్లు తాగినవాళ్లూ తేలారు. సరుకుల ఓడలోనూ అంతే, వంశధార వాడి పక్కనే ఇరావతి వాడు. న్వే కుర్చీలో కూలబడింది.

"మనవాళ్లు ఒడ్డుల్ని బట్టి జట్లు కట్టలేదన్నమాట."

"ఎవరు కూడు పెడితే వాళ్ల ఓడెక్కారు," అంది నీలవేణి. "ఆ తర్వాత ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు."

DNA ఫలితం ఇంకా వింతగా వచ్చింది. ఆ నాయకుడి రక్తం పోలయ్యలోనూ ఉంది, కో తున్‌లోనూ ఉంది.

ట్రిబ్యునల్ తలపట్టుకుని, చేపలు ఉమ్మడివేనని తీర్పిచ్చింది. నీలవేణి ఫోన్లో పోలయ్యకు సంగతంతా చెప్పింది.

"అయితే ఆ కో తున్ గాడు నాకేటవుతాడే సెల్లీ? తమ్ముడా, బావా?"

"యంత్రానికి వరసలు తెలీవన్నా. చుట్టమని మాత్రం చెబుతుంది."

"తమ్ముడైతే వాటాలకొస్తాడు. బావే అనుకుందారి."

కొత్త సీజన్ మొదటి రోజే గొడవైంది. రెండు పడవల వలలూ చిక్కుపడ్డాయి. పోలయ్యా, కో తున్ అంచుల మీదికొచ్చి గొంతు చించుకుంటుంటే గస్తీ నౌక అధికారి తుపాకులు సిద్ధం చేయించాడు. తీర్పు అమలు చూడ్డానికి నీలవేణి కూడా ఆ నౌకలోనే ఉంది.

"ఏం బావా, కళ్లు నెత్తికెక్కాయా?" కో తున్ అరిచాడు. అనువాద పరికరం లేదు. ఎక్కడ నేర్చాడో, అచ్చ తెలుగు!

పోలయ్య పగలబడి నవ్వాడు. అధికారి అయోమయంగా నీలవేణి వైపు తిరిగాడు.

"వీళ్లని ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి మేడమ్?"

"చుట్టాలండీ. మీ చట్టానికి దొరకరు," అంది నీలవేణి.

ఆ ఏడాది ఆమె యంత్రం ముందు రెండు ఒడ్డుల వాళ్లూ బారులు తీరారు. చరిత్ర ఎవరికీ అక్కర్లేదు. అవతలి ఒడ్డున తమకు బావలెవరో చెబితే చాలట.