పసుపు పూసిన శాసనం

“ఏవండీ! దిగండి! మీరు చరిత్ర మీద నిలబడ్డారు!”

బోరు నీళ్లతో కాళ్ల బురద కడుక్కుంటున్న దుర్గాశ్రీ ఉలిక్కిపడి కిందికి చూసింది. చరిత్ర కనపడలేదు. చిన్నప్పటినుంచీ తను కాళ్లు కడుక్కునే నల్లరాయి కనపడింది.

“చరిత్ర మీద కాదండి, మా నాన్నగారి చేలో నిలబడ్డాను. మీరెవరి చేలో నిలబడ్డారో కాస్త చూసుకోండి.”

చూసుకున్నాడు. అతనూ వాళ్ల నాన్నగారి చేలోనే ఉన్నాడు. పైగా బోరు కింద బురదలో, చీలమండల దాకా!

అతని పేరు ఉదయభాస్కర్. వారంలో ఆరు రోజులు రాజమండ్రి కరెంటాఫీసులో క్లర్కు. ఆదివారం మాత్రం ‘గోదావరి పురావస్తు మిత్రమండలి’కి కన్వీనర్. 1999 వేసవి నాటికి ఆ మండలిలో సభ్యులు ఆరుగురు. మీటింగుకి వచ్చేది కన్వీనరూ, టైపు ఇన్‌స్టిట్యూట్ పెద్దిరాజూ. మిగతా నలుగురూ అచ్చం పురావస్తువుల్లాగే, బయటపడటం బహు అరుదు!

వారానికో ఊరు వెళ్లి, “రాతలున్న రాళ్లేమైనా ఉన్నాయాండీ?” అని ఇంటింటా అడగడం మండలి పని. ఇంతవరకూ దొరికినవన్నీ మైలురాళ్లూ, సర్వేరాళ్లూ. అయినా ఉదయభాస్కర్ హుషారు తగ్గలేదు. ఎవరైనా ‘రాయి’ అంటే చాలు, రాయమంటున్నారో, రాయి చూపిస్తామంటున్నారో తేల్చుకోకుండానే స్కూటర్ స్టార్ట్ చేసేవాడు. చాళుక్యుల గురించి మొదలెడితే వినేవాళ్లు ‘చాలు’ అనేవాళ్లు. అతను ఆ మిగిలిన ‘క్యులు’ కూడా చెప్పిగానీ వదిలేవాడు కాదు. ఈ ఆదివారం వంతు ద్రాక్షారామం రోడ్డులోని గువ్వలపాలేనిది.

దుర్గాశ్రీ రాయి దిగింది. వెంటనే అతను బోర్లా పడుకుని రాయికి ముక్కు ఆనించాడు.

“ఒంట్లో బాగానే ఉందాండీ?”

“అక్షరాలండీ! అరిగిపోయిన అక్షరాలు! మీ ఇంట్లో బియ్యప్పిండి ఉందా?”

“ఏం, అట్లు పోస్తారా?”

“శాసనం చదువుతాను.”

నవ్వాపుకుంటూ పక్కనే ఉన్న ఇంట్లోకెళ్లి డబ్బా తెచ్చింది. అతను జేబురుమాలుతో రాయి తడి తుడిచి, పొడిపిండి చల్లి, అరచేత్తో మెల్లగా రుద్ది, పైపిండి ఊదేశాడు. గుంటల్లో మిగిలిన పిండి గీతలైంది. గీతలు అక్షరాలయ్యాయి.

“స్వ... స్తి... శ్రీ!”

“శ్రీయా? నా పేరు దుర్గాశ్రీ అండి!”

“చూశారా! ఏడొందల ఏళ్ల కిందటే మీ పేరు సగం చెక్కి ఉంచారండి!”

“మిగతా సగం ఎవరు చెక్కుతారట?” అనేసి, అన్నాక నాలిక్కరుచుకుని, అక్షరం చూసే వంకతో వంగింది. అతనూ వంగాడు. తలలు ఠాప్‌మని కొట్టుకున్నాయి. సరిగ్గా అదే సమయానికి వాన దబ్బున దిగి పిండంతా కడిగేసింది. ఇద్దరూ మోటారు షెడ్డులోకి పరిగెత్తారు.

“స్కూటర్ దగ్గర మీ ఫ్రెండు తడిసిపోతున్నారండి, పాపం!”

“పెద్దిరాజా? తడవనీయండి, ఆయన ఆ టైపే.”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకి కాలనిర్ణయం చెయ్యడం కన్వీనరు వల్ల కాలేదు. ఆగితేగా!

నవ్వు వినే కాబోలు, గొడుగేసుకుని బుల్లబ్బాయిగారు వచ్చారు. దుర్గాశ్రీ తండ్రి. సంగతంతా ఓపిగ్గా విన్నారు.

“బాగానే ఉంది గానీ బాబూ, గురువారం పొక్లెయిన్ వస్తోంది. ఈ చేనంతా చేపల చెరువు తవ్విస్తున్నాను. ఈ రాయి సరిగ్గా తూము వచ్చేచోట ఉంది. పగలగొట్టి గట్టులో వేసేస్తాం.”

“అయ్యో! శాసనమండీ! ముద్ర తీసుకుని, పూర్తిగా చదివి, ఎక్కడైనా భద్రంగా పెట్టించేదాకా ఆపండి!”

“మిషను ఆగదండి. దానికోసం భీమవరంలో క్యూ కట్టారు. ఈ వారం తప్పితే మళ్లీ వచ్చే వేసవే.”

మండలికి దొరికిన మొట్టమొదటి అసలు రాయి! దాన్ని బద్దలు కొట్టేస్తే అందులో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. ఉదయభాస్కర్ మొహం చూసి దుర్గాశ్రీ నవ్వు ఆగిపోయింది.

బుధవారం అతను సెలవు పెట్టి, పెద్దిరాజుని వెనక ఎక్కించుకుని, కాగితాలూ, సిరా, బ్రష్షూ పట్టుకుని వచ్చాడు. వచ్చి కొయ్యబారిపోయాడు. నల్లరాయి పచ్చగా ఉంది! నిండా పసుపు, బారుగా కుంకుమ బొట్లు, వేపమండలు, కొబ్బరిచిప్పలు. బిందెలతో ఆడవాళ్ల వరస.

“చెప్పులిప్పండి బాబుగారూ, అమ్మోరు!” అంది ముందున్న లోవమ్మ.

“ఏ అమ్మోరు?”

“ఇంకా పేరు చెప్పలేదండి. నిన్ననే వెలిసింది.”

ఒక్క అక్షరం కనపడటం లేదు. గుంటలన్నీ పసుపుముద్దతో పూడిపోయాయి. బ్రష్షు తీస్తే లోవమ్మ బిందె ఎత్తింది. అతనికి ఒళ్లు మండిపోయింది.

“ఎవరండీ ఈ తెలివితక్కువ పని చేసింది?”

“నేనే,” అంది గుమ్మంలోంచి దుర్గాశ్రీ.

ఇంకేదో చెప్పబోయింది. అంతలోనే గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దిరాజు చెవిలో గొణిగాడు. “భాస్కరూ, రాయి సంగతి రేపు. ఇవాళ పగిలింది నువ్వే.”

గురువారం పొద్దున్న పొక్లెయిన్ గర్జిస్తూ చేలోకి దిగింది. ఉదయభాస్కర్ అప్పటికే గట్టు మీద ఉన్నాడు. ఆపరేటరు రాయిని చూశాడు. ఇంజను ఆపాడు. కిందికి దిగి, చెప్పులు విప్పి, చేతులు జోడించాడు.

“ఆయ్, నావల్ల కాదండి బుల్లబ్బాయిగారూ. అమ్మోరి మీద బకెట్టు ఎయ్యలేను. పెళ్లాం బిడ్డలున్నోణ్ణి.”

అప్పుడు వెలిగింది మన కరెంటాఫీసు బుర్రలో లైటు! అది మూఢత్వం కాదు. అది కోటగోడ. ఇంత పెద్ద మిషన్ని గుప్పెడు పసుపు ఆపేసింది! అతను గబుక్కున గుమ్మం వైపు చూశాడు. దుర్గాశ్రీ మొహం తిప్పుకుంది.

బుల్లబ్బాయిగారు సూటిగా అతని దగ్గరికి వచ్చారు.

“చదువుకున్నవారు, మీరు చెప్పండి. ఇది అమ్మోరా, రాయా? అమ్మోరంటే మిషను పంపించేస్తాను. రాయంటే గునపం నేనే పడతాను.”

ఒక్క అబద్ధం ఆడితే రాయి బతుకుతుంది. కానీ మిత్రమండలికి ఉన్నదొకటే నియమం, రాయిలో లేనిది చెప్పకూడదు. ఉదయభాస్కర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చుని, కళ్లు పెద్దవి చేశాడు. బిందెల కొద్దీ నీళ్లు పోయడంతో పైపసుపు కొట్టుకుపోయింది. గుంటల్లో గట్టిపడ్డ పసుపు మాత్రం మిగిలిపోయింది. నల్లరాయి మీద పచ్చటి అక్షరాలు! బియ్యప్పిండికి కూడా ఇంత బాగా కనపడలేదు!

“అమ్మోరు కాదండి,” అన్నాడు.

జనం గొల్లుమన్నారు. దుర్గాశ్రీ కళ్లు మూసుకుంది. బుల్లబ్బాయిగారు గునపం అందుకున్నారు.

“ఆగండి! ఏం చెబుతోందో విని కొట్టండి!” వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. “స్వస్తిశ్రీ... సూరమదేవి... తన తల్లికి పుణ్యముగాను... ఈ చోట చెఱువు త్రవ్వించి... పశువులకు, బాటసారులకు విడిచెను. దీనిని చెఱిచినవారు గంగ కఱుత గోవును చంపిన పాపాన పోదురు!”

“కఱుత అంటే?”

“ఒడ్డండి. గంగ ఒడ్డున ఆవుని చంపినంత పాపమట!”

గునపం చేతిలోంచి జారింది.

“అంటే... ఇక్కడ చెరువుండేదా?”

“ఉండేదండి. ఎవరో పూడ్చి చేను చేసుకున్నారు.”

“ఎవరో ఏంటి బాబూ, మా తాతముత్తాతలే అయ్యుంటారు!” ఆయన గట్టు మీద కూలబడ్డారు. మరుక్షణం స్ప్రింగులా లేచారు. “ఓరి నాయనో! అయితే తవ్వడం పాపం కాదు, తవ్వకపోతేనే పాపం! ఎక్కవయ్యా మిషను! తూము ఆ మూలకి జరుపు. ఈ రాయికి గట్టు మీద దిమ్మ కట్టిస్తాను. పశువులకి రేవు కూడా పెట్టిస్తాను!”

“మరి మేం దణ్ణం పెట్టుకోవచ్చాండీ?” లోవమ్మ బెంగగా అడిగింది.

“తల్లి కోసం చెరువు తవ్వించిన మనిషమ్మా. నేనూ పెట్టుకుంటాను,” అన్నాడు ఉదయభాస్కర్.

ఆదివారం ముద్ర తీశారు. కడిగిన రాయి మీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్దారు. ఇక ఆరాలి. గాలి చూస్తే కాగితాన్ని కాకినాడ చేర్చేలా ఉంది. పెద్దిరాజు సిరాగిన్నె కడిగే నెపంతో కాలవకేసి పోయాడు. ఎంతైనా టైపిస్టు, ఎక్కడ స్పేస్ ఇవ్వాలో తెలిసినవాడు!

“ఆ మూలలు మీరు పట్టుకోండి. ఆరేదాకా వదలకూడదు.”

“తెలివితక్కువవాళ్లు పట్టుకుంటే చిరిగిపోదాండీ?”

“సారీ అండి.”

“ఏంటీ? గాలికి వినపడలేదు.”

“సారీ అండీ!” కాలవ గట్టు మీది కొంగలన్నీ లేచాయి. “పసుపు సంగతి ముందే చెప్పొచ్చు కదండీ!”

“మీరు అడగలేదు, అరిచారు. అయినా మీకు తెలిస్తే దాగుతుందా? మీ మొహమే పెద్ద శాసనం. ఎవరైనా చదివేస్తారు.”

“అయితే ఇప్పుడు చదవండి.”

చదివింది. చెంపలు ఎర్రబడేదాకా చదివింది.

“నాకు లిపి రాదండి. నోటితో చెప్పండి.”

“మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుందండి!”

“ఎవర్నీ?” అన్న గొంతు దుర్గాశ్రీది కాదు. వెనకాల బుల్లబ్బాయిగారు, రెండు చేతుల్లో కొబ్బరిబోండాలతో! పారిపోదామంటే కాగితం వదలకూడదు. ఇద్దరూ పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు.

“మీ అమ్మాయినేనండి.” మండలి నియమం, ఉన్నదే చెప్పాలి!

“అమ్మాయేమంది?”

“చెప్పేలోపల నువ్వొచ్చావు నాన్నా!”

“అయితే చెప్పు. నేను అటు తిరుగుతాను.” తిరిగారు, బోండాలతో సహా.

“నాకూ ఇష్టమే,” అంది దుర్గాశ్రీ, మెల్లగా.

“చెప్పిందా?”

“చెప్పిందండీ!” అంటూ ఉదయభాస్కర్ రెండు చేతులూ ఆకాశానికెత్తాడు. కాగితం లేచి వచ్చి ఫట్‌మని మొహాన అతుక్కుంది. పీకి చూస్తే బుగ్గ మీద సూరమదేవి తలకిందులుగా అచ్చయి ఉంది. దుర్గాశ్రీ నవ్వలేక గట్టు మీద చతికిలబడింది.

బుల్లబ్బాయిగారు ఇటు తిరిగి, ఒక బోండాం కాబోయే అల్లుడి చేతిలో పెట్టి, కాలవ వైపు కేకేశారు.

“పెద్దిరాజుగారూ! ఇంకో కాగితం తడిపి తీసుకురండి! ఈసారి అమ్మాయిని ఒక పక్క, నన్నొక పక్క పట్టుకోనివ్వండి. అల్లుడుగారు ముందు కూర్చుని బోండాం తాగుతారు!”