ఉగోచా కిరీటం పెట్టదు

దుబాయ్ పక్కనున్న రోలాలో జనం శుక్రవారం జుమా నమాజుకు కదులుతున్న వేళ తారిఖ్ టాక్సీ దిగుతూనే కుప్పకూలాడు. చుట్టుపక్కలవాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు. ఎవరో మొహాన నీళ్లు చల్లారు. మెడ వెనక సూదిమొనంత ఎర్రచుక్క ఎవరి కంటా పడలేదు.

చొక్కా గుండీలో దాచిన మైక్‌లోకి అతను చెప్పగలిగింది నాలుగు ముక్కలే.

"కిరీటం ఇవాళే... సోనాపూర్... మెడికల్ క్యాంపు."

దుబాయ్ అల్ కుసైస్‌లోని ఒక పాత బిల్డింగులో, సేఫ్ ఫ్లాట్‌లో కూర్చుని ఆ మాటలు విన్నాడు ఏజెంట్ ప్రసన్నకుమార్. ఆ తర్వాత ఇయర్‌పీస్‌లో తారిఖ్ ఊపిరి వినబడలేదు. భారత గూఢచారి విభాగంలో ఇద్దరూ ఒకే రోజు చేరారు. ఒకే గదిలో ఉన్నారు, ఒకే కంచంలో తిన్నారు. ప్రసన్నకుమార్ గోడకు నుదురు ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాడు. అంతకుమించి ఏడవడానికి వ్యవధి లేదు.

చీఫ్ బాలసుబ్రహ్మణ్యం లైన్‌లోకి వచ్చాడు.

"విన్నాను ప్రసన్నా. కిరీటమంటే వాళ్లు పెట్టిన బాంబే. సోనాపూర్ లేబర్ కాలనీ అది, క్యాంపు హాల్లో వందలమంది వర్కర్లున్నారు. జుమా అవగానే ఢిల్లీ డెలిగేషన్ అక్కడికి వస్తుంది. టార్గెట్ వాళ్లే."

"హాలు ఖాళీ చేయించండి సార్."

"ఆపరేటర్ ఆ జనంలోనే ఉన్నాడు. ఎవడో తెలీదు. యూనిఫాం కనబడినా, కాన్వాయ్ ఆగినా రిమోట్ నొక్కేస్తాడు. వాడిని ఆపగలిగేది వాళ్ల అబార్ట్ కోడ్ ఒక్కటే. నీ దగ్గరున్న మనిషి చేత చెప్పించు."

ఆ మనిషి ఎదురుగా కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పేరు కారోయ్. కిరాయికి హత్యలు చేసే 'ఉగోచా' అనే విదేశీ ముఠాకు నాయకుడు. పొద్దున అతన్ని పట్టించింది సుహానా. ముఠాలో ఉంటూనే మనకు కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. ఏ హోటల్ లాబీలో అడుగుపెట్టినా తలలన్నీ అటు తిరిగేంత అందగత్తె. ఇప్పుడు కిటికీ పక్కన నిలబడి, పచ్చపట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ వీధిలోకి చూస్తోంది.

ఉగోచా ఒకప్పటి హంగరీ రాజ్యంలో ఒక జిల్లా. తీసా నది ఎగువన ఉండేది. ఆ రాజ్యంలోని మరీ చిన్న జిల్లాల్లో ఒకటి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత రెండు ముక్కలైంది. నేడు ఒక ముక్క ఉక్రెయిన్‌లో, ఇంకోటి రుమేనియాలో ఉన్నాయి. మ్యాపులో లేని జిల్లా కాబట్టే ముఠా ఆ పేరు పెట్టుకుంది. పదవులు కూడా ఆ పాత కచేరీ నుంచి తెచ్చుకున్నవే. పై పదవి ఫోయిష్పాన్, అంటే జిల్లా అధిపతి. అది కారోయ్‌ది.

ప్రసన్నకుమార్ అతని సీక్రెట్ ఫోన్ తీసి మొహానికి దగ్గరగా పెట్టాడు.

"కోడ్ చెప్పు. ఆ హాలు కూలితే ఆ చావులన్నీ నీ మెడకే చుట్టుకుంటాయి."

ప్రసన్నకుమార్ ఆ ఫోన్‌లో ఉన్న ఒకే నంబరు నొక్కాడు. కారోయ్ పెదాలు తడుపుకున్నాడు. వెనకటికి రాజుకు కిరీటధారణ జరుగుతుంటే ఆ చిన్న జిల్లా అడ్డం తిరిగిందట. అప్పుడు అన్నదిగా చెప్పుకునే మాటే వీళ్ల కోడ్.

"ఉగోచా నోన్ కొరోనాత్," అన్నాడు కారోయ్. ఉగోచా కిరీటం పెట్టదు అని ఆ లాటిన్ మాటకు అర్థం.

అవతలి నుంచి ఓ మగగొంతు నింపాదిగా ఇంగ్లీషులో జవాబిచ్చింది. "రాజు మనిషి మాట ఇక్కడ చెల్లదు."

ఫోన్ కట్టయింది. కారోయ్ మొహం సున్నంలా తెల్లబడింది.

"ఏంటిది? నువ్వు నాయకుడివి కావా?" అతని కాలర్ పట్టుకుని ఊపేశాడు ప్రసన్నకుమార్.

"పేరుకి! ఫోయిష్పాన్‌ను రాజు నియమించేవాడు. సభలో పెద్దకుర్చీ అతనిది. పన్నుల వసూలు, సైన్యానికి మనుషులను పంపడం, జైళ్లు, రోజువారీ పాలనంతా అతని కింద ఉండే అలిష్పాన్ చూసేవాడు. ఆ అలిష్పాన్‌ను జిల్లాలోని పెద్దమనుషులే ఎన్నుకునేవాళ్లు. రాజాజ్ఞ నచ్చకపోతే దండం పెట్టి అటకెక్కించేవాళ్లు. నన్ను బయటినుంచి మా పెద్దలు పంపారు. దుబాయ్ మనుషులు తమ అలిష్పాన్‌ను తామే ఎన్నుకున్నారు. అదెవరో నాకు చెప్పలేదు."

"ప్రసన్నా, కాన్వాయ్ బయల్దేరింది," అన్నాడు చీఫ్ చెవిలో.

ప్రసన్నకుమార్ కారోయ్ కాలర్ వదిలేశాడు. తారిఖ్ రోలా వెళ్తున్నాడని ఎవరికి తెలుసు? చీఫ్‌కి, తనకి, ఇంకొకరికి. పనికిరాని నాయకుణ్ణి చేతిలో పెట్టి, పొద్దుట్నించీ తనను ఈ గదిలో కట్టిపడేసిందెవరు?

తల తిప్పాడు. సుహానా చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"ఖలాస్, ప్రసన్నా. కూర్చో. ఇంక కాసేపే."

"తారిఖ్ నిన్ను చెల్లీ అని పిలిచేవాడు."

ఆమె కళ్లు ఒక్కసారి రెపరెపలాడాయి. పిస్టల్ మాత్రం కదల్లేదు.

"మా అమ్మీ కాకినాడ నుంచొచ్చి ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లో పాచిపని చేసింది. ఎవరైనా చెల్లీ అన్నారా? ఉగోచా వాళ్లు నన్ను కుర్చీ ఎక్కించారు."

అమ్మీ. ప్రసన్నకుమార్‌కు సుహానా తల్లి వజీరాబీ గుర్తొచ్చింది. కిందటి నెల సుహానా గురించి ఆరా తీయడానికి ఏసీ మెకానిక్ వేషంలో ఆమె ఇంటికి వెళ్లాడు. టీ ఇచ్చి, పొర కమ్మిన కళ్లతో గోడ తడుముకుంటూ లోపలికెళ్లింది. ఇప్పుడామె ఎక్కడుందో అతనికి తెలియదు. చేతిలో ఇంకే అస్త్రమూ లేదు. నోటికొచ్చింది అనేశాడు.

"ఆ క్యాంపులో కళ్ల డాక్టర్లున్నారు సుహానా. మీ అమ్మీ ఆ లైన్లోనే ఉంది."

"అబద్ధం!"

"ఫోన్ చేసి చూడు."

పిస్టల్ దించకుండానే ఎడంచేత్తో నంబరు నొక్కింది. స్పీకర్లో రింగు మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"నమాజులో ఉంటుంది... ఇంట్లోనే చదువుకుంటుంది," అంది. ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టుంది.

"అయ్యుండొచ్చు. తేల్చుకునే టైమ్ లేదు."

"కాన్వాయ్ క్యాంపు గేటు దాటింది!" చీఫ్ కేక పెట్టాడు. "ప్రసన్నా, ఏదో ఒకటి చెయ్!"

ఆ కేక ఇయర్‌పీస్ దాటి గదిలోకి వినబడింది. మూడోసారి రింగవుతున్న ఫోన్ వైపు చూసింది సుహానా. దాన్ని పక్కన పడేసి, కారోయ్ ఫోన్ లాక్కుని, అదే నంబరు మళ్లీ కలిపి అరిచింది.

"అలిష్పాన్‌ని! ఉగోచా నోన్ కొరోనాత్! వినబడిందా? నోన్ కొరోనాత్! రిమోట్ కింద పడెయ్, యల్లా, త్వరగా!"

ప్రసన్నకుమార్ కళ్లు మూసుకున్నాడు. హాలు, మనుషులు, తారిఖ్ మొహం, అన్నీ కలగలిసిపోయాయి.

"చిత్తం," అన్నట్టు అవతల ఒక చిన్న గొణుగుడు. ఫోన్ కట్టయింది.

కొన్ని నిమిషాలకు చీఫ్ మళ్లీ లైన్‌లోకి వచ్చాడు.

"డెలిగేషన్ లోపల కూర్చుంది ప్రసన్నా. ఒకడు రిమోట్ చెత్తడబ్బాలో వేసి బయటికి నడుస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. బాంబు స్క్వాడ్ వెళ్లింది."

ప్రసన్నకుమార్ సుహానా చేతిలోంచి పిస్టల్ తీసుకున్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. బేడీలు వేశాడు. తారిఖ్ కోసం ఆమెను ఏమైనా అనాలనుకున్నాడు.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. ప్రసన్నకుమార్ స్పీకర్ నొక్కాడు.

"బేటీ, నమాజులో ఉన్నానే. మూడుసార్లు చేశావేంటి, ఏమయ్యింది?" వజీరాబీ గొంతు నిదానంగా ఉంది. "ఇంట్లోనే ఉన్నా. పలావు వండా. ఎంతసేపట్లో వస్తావు?"

సుహానా అతని వైపు చూసింది. ఆ చూపులో ద్వేషం ఉంది. అంతకు రెట్టింపు ఊరట ఉంది. ఫోన్ వైపు నుంచి మొహం తిప్పుకుంది.

"కొంచెం ఆలస్యమవుతుందమ్మా," అన్నాడు ప్రసన్నకుమార్.

ఎంత ఆలస్యమన్నది మాత్రం జడ్జిగారే చెప్పాలి.